మిద్దెపైన వేధశాల

కొనడం ఒకనాటి పని, నిలుపుకోవడం తరాల పని

1868 ఆగస్టు 18వ తేదీ. నాటి నిజాం రాజ్యంలోని వనపర్తికి మద్రాసు నుంచి ఒక బృందం వచ్చి ఉంది. వారి వెంట టెలిస్కోపులున్నాయి. వారు వచ్చింది సర్వేకు కాదు, పన్నుల లెక్కకు కాదు. ఆ రోజు సంభవించే సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి వచ్చారు. బృందానికి నాయకుడు మద్రాసు వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి. వేధశాల అధిపతి పాగ్సన్ దొర అదే గ్రహణం కోసం బందరు వెళ్లాడు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. ఆనాటి గ్రహణంలో సూర్యుని అంచున కనిపించిన ఒక పసుపు గీత, భూమిపై అప్పటికి ఎవరికీ తెలియని హీలియం అనే మూలకాన్ని కనుగొనడానికి దారి చూపింది.

అంతటి గ్రహణానికి మన వనపర్తి కూడా ఒక వేదిక అయిందన్న సంగతి ఈ ప్రాంతంలో చాలామందికి తెలియదు.

తర్వాత నూట పన్నెండేళ్లకు, 1980 ఫిబ్రవరి 16 శనివారం నాడు, చంద్రుని నీడ మళ్లీ ఈ దారినే నడిచింది. రాయచూరు మీదుగా వచ్చి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలను కప్పుతూ ఈశాన్యంగా సాగిపోయింది. మధ్యాహ్నం మూడు ముప్పావు వేళ రెండు నిమిషాలకు పైగా పట్టపగలే చీకటి పడింది. ఇబ్రహీంపట్నం దగ్గరి జాపాల రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు యంత్రాలు పెట్టుకుని ఆ క్షణం కోసం కాచుకున్నారు. మన వాళ్లలో ఎక్కువమంది మాత్రం తలుపులు, కిటికీలు మూసుకుని లోపల కూర్చున్నారు. వీధులు నిర్మానుష్యంగా ఉన్నాయి. మన నెత్తిమీద జరిగిన వింతను మనమే చూడలేదు.

ఆనాటి వారిని తప్పు పట్టవలసిన పని లేదు. కళ్లు పోతాయన్న భయం ఉత్తది కాదు. ఏ అడ్డూ లేకుండా సూర్యుణ్ణి చూస్తే కళ్లు నిజంగానే పోతాయి. అయితే సురక్షితంగా ఎలా చూడాలో చెప్పేవారు, చూపించేవారు ఊళ్లో ఒక్కరైనా ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది. అటువంటి ఒక్క మనిషి, ఒక్క టెలిస్కోపు, ఒక్క మిద్దె ప్రతి పెద్ద ఊరికీ అవసరం. దాన్ని ఏర్పాటు చేసుకోవడం మనవల్ల అయ్యే పనేనా? అయితే ఎలా? ఏర్పాటు చేసుకున్నాక వచ్చే చిక్కులేమిటి?

ఇంటి వేధశాల మనవారికి కొత్త కాదు

ఇంట్లో వేధశాల పెట్టడం తెల్లవారి సరదా అనుకుంటే పొరపాటు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840 ప్రాంతంలోనే డాబా గార్డెన్స్‌లో సొంత వేధశాల స్థాపించాడు. ఆయన మద్రాసు వేధశాలలో టేలర్ దొర దగ్గర ఖగోళ శాస్త్రం నేర్చుకున్నవాడు. 1856లో, నలభై ఏళ్లయినా నిండకుండానే ఆయన కన్నుమూశాడు. ఆ వేధశాల అంతటితో మూతపడవలసిందే. అలా జరగలేదు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని చేపట్టి, 1892లో తాను మరణించే వరకు నడిపాడు. గ్రహణాలు చూశాడు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని గమనించాడు. ఆయన లెక్కలు లండన్ ఖగోళ సంఘం పత్రికల దాకా వెళ్లాయి.

హైదరాబాదులో నవాబు జాఫర్ జంగ్ కథ కూడా ఇటువంటిదే. ఆయన 1901లో ఇంగ్లండు నుంచి పదిహేను అంగుళాల టెలిస్కోపు తెప్పించి ఫిసల్‌బండలో వేధశాలకు పునాది వేశాడు. తన తర్వాత దాన్ని ప్రభుత్వం తీసుకోవాలని ముందుగానే కోరుకున్నాడు. 1907లో ఆయన పోయాక, 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. అదే బేగంపేట నిజామియా వేధశాల. 1919 నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ప్రపంచ దేశాలు కలిసి ఆకాశానికి పటం గీసిన మహా ప్రయత్నంలో ఈ వేధశాల ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను లెక్కకట్టి ఇచ్చింది. అక్కడ పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడే వైను బప్పు. హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివి, 1949లో అమెరికాలో ఉండగా ఒక తోకచుక్కను కనుగొన్న శాస్త్రజ్ఞుడాయన.

ఈ రెండు కథల్లోనూ గమనించవలసింది అద్దం పెద్దదా చిన్నదా అన్నది కాదు. పెట్టినవాడు పోయాక పట్టుకున్నవాడు ఉన్నాడు. అందుకే అవి నిలిచాయి. ఇవాళ ఎంతో మోజుపడి కొన్న టెలిస్కోపులు చాలా ఇళ్లలో నెల తిరగకుండా అటక ఎక్కుతున్నాయి. కారణం డబ్బు లేకపోవడం కాదు. చిన్న చిన్న చిక్కులు. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏది కొనాలి?

"అయిదు వందల రెట్లు పెద్దగా చూపుతుంది" అని పెట్టె మీద రాసి ఉన్న చిన్న టెలిస్కోపును కొనకండి. టెలిస్కోపు బలం రెట్లలో లేదు, ముందున్న అద్దం వెడల్పులో ఉంది. చీకట్లో మన కంటిపాప ఏడు మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. ఆరంగుళాల అద్దం, అంటే నూట యాభై మిల్లీమీటర్లది, అంతకు నాలుగు వందల రెట్లకు పైగా వెలుగు పోగు చేస్తుంది. పెద్ద బానలో ఎక్కువ వాన నీరు పడ్డట్టే. ఒక మిల్లీమీటరు వెడల్పుకు రెండు రెట్లు అన్నది గరిష్ఠ హద్దు. అరవై మిల్లీమీటర్ల దానికి నూట ఇరవై రెట్లు దాటితే బొమ్మ మసకబారడమే తప్ప పెరగదు.

రెట్ల లెక్క కూడా తేలికే. టెలిస్కోపు నాభ్యంతరాన్ని కంటి దగ్గర పెట్టే కటకం నాభ్యంతరంతో భాగించాలి. పన్నెండు వందల మిల్లీమీటర్ల టెలిస్కోపుకు పాతిక మిల్లీమీటర్ల కటకం పెడితే నలభై ఎనిమిది రెట్లు. పది మిల్లీమీటర్లది పెడితే నూట ఇరవై.

కొత్తవారికి అన్నిటికన్నా అనువైనది చెక్క పీట మీద తిరిగే అద్దపు టెలిస్కోపు. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ కథ వినదగ్గది. ఆయన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత మఠంలో రామకృష్ణ సంప్రదాయపు సన్యాసి. చేతిలో డబ్బు లేదు. పాత ఓడ కిటికీల గాజును అరగదీసి అద్దాలు తయారు చేసుకున్నాడు. అట్టగొట్టాల్లో వాటిని బిగించాడు. ప్లైవుడ్ పెట్టె మీద నిలబెట్టి, వీధి మలుపుల్లో దారినపోయే వారందరికీ చంద్రుణ్ణి చూపించాడు. ఆ పీటను మన ఊరి వడ్రంగి రెండు రోజుల్లో చేయగలడు. ఆరంగుళాల టెలిస్కోపు ఈనాడు సుమారుగా వ్యవసాయ బావికి మోటారు కొన్నంత ఖర్చులో వస్తుంది. ఒక్కరికి భారమైతే పదిమంది కలిసి, లేదా పాఠశాల పూర్వ విద్యార్థులు కలిసి కొనవచ్చు.

ఎక్కడ పెట్టాలి?

మన ప్రాంతంలో అందరి చూపూ మొదట మిద్దె మీదికే పోతుంది. మంచిదే గాని ఒక చిక్కుంది. వేసవిలో పగలంతా కాగిన స్లాబు రాత్రి పది దాటేదాకా వేడి కక్కుతుంది. ఆ వేడిగాలిలోంచి చూస్తే పొయ్యి మీది సెగలోంచి చూసినట్టు గ్రహాలు వణుకుతాయి. టెలిస్కోపు చెడిపోయిందని చాలామంది భ్రమపడేది ఇక్కడే. పొద్దుగూకే వేళ మిద్దె మీద నీళ్లు చల్లితే కొంత మేలు. చూడవలసిన పనిని అర్ధరాత్రి తర్వాతికి జరుపుకుంటే మరీ మేలు. పెరట్లోని మట్టినేల, గడ్డినేల అన్నిటికన్నా ఉత్తమం. అవి త్వరగా చల్లారతాయి.

మిద్దె మీద పెట్టేటట్లయితే స్లాబు నడిమధ్యన పెట్టకూడదు. మనిషి నడిస్తే స్లాబు అదురుతుంది. నూట ఇరవై రెట్ల దగ్గర ఆ అదురు భూకంపంలా కనిపిస్తుంది. కింద గోడగాని, స్తంభంగాని ఉన్న మూలను ఎంచుకోవాలి. నేల మీద అయితే మూడడుగుల గొయ్యి తీసి కాంక్రీటు దిమ్మె పోయించాలి. చుట్టూ వేసే గచ్చు ఆ దిమ్మెకు తగలకుండా రెండంగుళాల సందు వదిలి ఇసుక నింపాలి. అప్పుడు మనం చుట్టూ తిరిగినా దిమ్మె కదలదు. పైభాగం రసమట్టంతో సరిచూసుకోవాలి.

గుండ్రటి గుమ్మటం ఉంటేనే వేధశాల అని అనుకోవద్దు. నాలుగు వైపులా ఛాతీ ఎత్తు గోడ, పైన పక్కకు జరిగే రేకుల కప్పు చాలు. ఇనుప యాంగిల్ మీద గేటు చక్రాలు బిగిస్తే ఒక్కరే తోసుకోవచ్చు. ఆషాఢ గాలులకు రేకులు లేచిపోకుండా నాలుగు మూలలా కొక్కేలు మాత్రం తప్పనిసరి.

ధ్రువుడు పదహారు డిగ్రీల ఎత్తున

ఉత్తర ధ్రువం మన ఊరి ఆకాశంలో ఎంత ఎత్తున ఉంటుంది? మన అక్షాంశం ఎంతో అంత. గద్వాలకు సుమారు 16.2 డిగ్రీలు, వనపర్తికి 16.4, నాగర్‌కర్నూల్‌కు 16.5. అంటే ధ్రువ నక్షత్రం చాలా కిందుగా, చెట్ల తలల మీద కనిపిస్తుంది. అందువల్ల ఉత్తర దిక్కున వేపచెట్టుగాని, నీళ్ల ట్యాంకుగాని అడ్డం లేని చోటు చూసుకోవాలి.

ఆకాశం గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతుంది. అందుకే కటకంలో పెట్టిన చుక్క ఒకటి రెండు నిమిషాల్లో జారిపోతుంది. ఇది లోపం కాదు, భూమి తిరుగుతోందనడానికి సాక్ష్యం. ఆ తిరుగుడును అనుసరించే పీఠాలు కూడా అమ్ముతారు. వాటి ఇరుసు సరిగ్గా ధ్రువం వైపు చూడాలి. ఇక్కడే మన ప్రాంతపు వారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఎదురవుతుంది. ఇవి ఎక్కువగా ఐరోపా, అమెరికా దేశాల కోసం చేసినవి. అక్కడ ధ్రువుడు నలభై, యాభై డిగ్రీల ఎత్తున ఉంటాడు. పదహారు డిగ్రీలకు వంచేసరికి కొన్నిటి మరలు అంత కిందికి దిగవు. మరికొన్నిటికి తూకపు గుండు వెళ్లి మూడు కాళ్ల స్టాండుకు కొట్టుకుంటుంది. కొనేముందే "పదిహేను డిగ్రీలకు దిగుతుందా?" అని అడగాలి. కొన్నాక తెలిసివస్తే మూడు కాళ్ల స్టాండు మానేసి, సన్నటి ఇనుప గొట్టపు స్తంభం మీద బిగించుకుంటే గుండుకు దారి దొరుకుతుంది.

ధ్రువుడు కనిపించకపోతే ఉత్తరం తెలిసేదెలా? మన పూర్వులు వాడిన శంకువు పద్ధతి ఉంది. చదునైన నేల మీద నిలువుగా ఒక కర్ర పాతి, దాని చుట్టూ వృత్తం గీయాలి. ఉదయం నీడ కొన వృత్తాన్ని తాకే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత మళ్లీ తాకే చోట ఇంకో గుర్తు పెట్టాలి. రెండింటినీ కలిపిన గీత తూర్పు పడమరలు. దానికి లంబంగా గీసినది ఉత్తర దక్షిణాలు. ఖర్చు లేదు. ఎత్తును పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమాని, మేస్త్రీ గుండుదారం కలిపి కొలుచుకోవచ్చు.

ఆపైన సవరణను చుక్కలే చెబుతాయి. నడి దక్షిణాన, ఆకాశ మధ్యరేఖ దగ్గర ఒక చుక్కను కటకంలో పెట్టి చూస్తూ ఉండండి. అది దక్షిణానికి జారితే ఇరుసు తూర్పుకు ఎక్కువ తిరిగి ఉందని అర్థం. ఉత్తరానికి జారితే పడమరకు తిరిగి ఉందన్నమాట. తర్వాత తూర్పున ఒక చుక్కను పట్టుకోండి. అది దక్షిణానికి జారితే ఇరుసు దిగి ఉంది, ఉత్తరానికి జారితే లేచి ఉంది. కొద్దికొద్దిగా సరిచేస్తూ పోతే రెండు మూడు రాత్రుల్లో కుదురుతుంది.

ఇంకో వింత చూడండి. రోహిణి నక్షత్రం సరిగ్గా మన నడినెత్తి మీదుగా నడుస్తుంది. జనవరి నెలాఖరున రాత్రి ఎనిమిదింబావు ప్రాంతంలో నాగర్‌కర్నూల్‌లో గుండుదారం వేలాడదీస్తే, దారం పైకి చూపే చోట రోహిణి ఉంటుంది. గద్వాలలో చూసినా తేడా మూడో వంతు డిగ్రీకి మించదు. సూర్యుడు కూడా ఏటా మే 5, 6 తేదీల్లోను, మళ్లీ ఆగస్టు 7 ప్రాంతంలోను పన్నెండుంబావు దాటిన వేళ మన నడినెత్తికి వస్తాడు. అప్పుడు నిలువు కర్రకు నీడ ఉండదు. బడిపిల్లలకు చూపదగిన పాఠమిది.

"ఏమీ కనిపించడం లేదు"

కొత్త టెలిస్కోపు గురించి మొదట వినిపించే ఫిర్యాదు ఇదే. నూటికి తొంభై పాళ్లు యంత్రం బాగానే ఉంటుంది. ఈ వరుసలో చూసుకోవాలి.

మొదట, ముందు మూత పూర్తిగా తీశారా? నవ్వకండి, ఇది ఎందరికో జరిగింది.

రెండవది, పక్కనుండే చిన్న గురిగొట్టం పెద్ద గొట్టంతో ఏకంగా ఉందా? దీన్ని పగటిపూటే సరిచేయాలి. రెండు మూడు కిలోమీటర్ల దూరంలోని గుట్ట కొననో, సెల్ టవరు తలనో పెద్ద గొట్టంలో నడిమికి తెచ్చి, గురిగొట్టం మరలు తిప్పి అదే కొనను అందులోనూ నడిమికి తేవాలి. సూర్యుడున్న దిక్కుకు మాత్రం తిప్పవద్దు.

మూడవది, ఎప్పుడూ తక్కువ రెట్ల కటకంతోనే మొదలుపెట్టాలి. పాతిక మిల్లీమీటర్లది పెట్టి చుక్కను పట్టాక పదికి మారాలి.

నాలుగవది, కటకాన్ని ముందుకు వెనక్కు జరిపే చక్రాన్ని నిదానంగా తిప్పాలి. చుక్క అతిచిన్న బిందువు అయ్యేదాకా ఓపిక పట్టాలి.

అయిదవది, కంటికి చీకటి అలవాటు కావడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి సెల్‌ఫోను వెలిగిస్తే మళ్లీ మొదటికే. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటే చాలు.

ఆరవది, కనిపించేది పత్రికల్లో వచ్చే రంగుల బొమ్మలా ఉండదు. పాతిక లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా నక్షత్ర మండలం బూడిదరంగు మసకలాగే కనిపిస్తుంది. ఆ మసకలో వేల కోట్ల సూర్యులున్నారని తెలిస్తే అదే పెద్ద బొమ్మ.

చుక్క ఎంత తిప్పినా బిందువు కాక, తోక ఉన్నట్టు కనిపిస్తే అద్దాలు వరుస తప్పాయి. ఆటోలోనో, ట్రాక్టరులోనో గతుకుల దారిన తెచ్చినప్పుడు ఇది సహజం. ప్రకాశవంతమైన చుక్కను కొంచెం మసకగా చేసి చూడాలి. వలయాలు ఒకదానిలో ఒకటి సమంగా ఉంటే అద్దాలు సరిగ్గా ఉన్నట్టు. ఒక పక్కకు ఒత్తుకుని ఉంటే వెనకనున్న మూడు మరలను పావు చుట్టు చొప్పున తిప్పి సమం చేయాలి. ఇది చేత్తో నేర్చుకునే విద్య. బండి చక్రం సరిచేయగలవాడు దీన్నీ చేయగలడు.

వేసవి దుమ్ము, వానాకాలపు బూజు

నడిగడ్డ నల్లరేగడి దుమ్ము సంగతి చెప్పనవసరం లేదు. అద్దం మీద దుమ్ము పడిందని ధోవతి కొంగుతోనో, చీర చెంగుతోనో తుడిచారా, అంతటితో దాని ఆయుష్షు తీరినట్టే. రేణువులు ఇసుక కాగితంలా గీరతాయి. కొద్ది దుమ్ము వల్ల నష్టం లేదు. రబ్బరు బుడ్డితో గాలి ఊదితే చాలు. మరీ పేరుకుంటే ఒకటి రెండేళ్లకొకసారి అద్దం విప్పి, బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ నీటిలో ఒకటి రెండు సబ్బు చుక్కలు కలిపి, రుద్దకుండా కడిగి, వాలుగా పెట్టి ఆరనివ్వాలి.

మార్గశిర, పుష్య మాసాల్లో మంచు కురిసి అద్దం చెమరుస్తుంది. గొట్టం ముందు రెక్సిన్ గుడ్డతో జానెడున్నర పొడుగు తొడుగు చుడితే చాలావరకు ఆగుతుంది. చెమర్చిన అద్దాన్ని తుడవకండి. ఆరాకనే మూత పెట్టండి. చల్లటి బయటినుంచి వెచ్చటి గదిలోకి తెచ్చేముందు మాత్రం మూత బిగించి తేవాలి.

వానాకాలం నాలుగు నెలలు ఆకాశం దొరకదు. అప్పుడే బూజు పడుతుంది. కటకాలను మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి, నీలిరంగు సిలికా జెల్ పొట్లం వేయాలి. తేమ తాగితే అది గులాబి రంగుకు తిరుగుతుంది. పెనం మీద సన్న సెగన వేడిచేస్తే మళ్లీ నీలం అవుతుంది. వారానికొకసారి టెలిస్కోపును పొడి ఎండ వేళ నీడపట్టున గాలికి పెట్టాలి. గొట్టం రెండు కొసలా గుడ్డ కట్టకపోతే కందిరీగలు గూడు పెడతాయి, బల్లులు కాపురముంటాయి. ఎలుకలు తీగలు కొరుకుతాయి. కోతులున్న ఊళ్లో బయట వదలనే వద్దు.

మోటారు పీఠం ఉన్నవారు దాన్ని నేరుగా ఇంటి కరెంటుకు తగిలించకుండా పన్నెండు వోల్టుల బ్యాటరీతో నడుపుకోవాలి. వోల్టేజి హెచ్చుతగ్గులకు దాని సున్నితమైన భాగాలు కాలిపోతాయి. కరెంటు పోవడం మాత్రం మనకు వరమే. ఊరు చీకటైతేనే ఆకాశం వెలిగేది.

సూర్యునితో ఆటలొద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. టెలిస్కోపును సూర్యునివైపు తిప్పి ఒక్క క్షణం చూసినా కన్ను శాశ్వతంగా పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే సౌర వడపోతను గొట్టం ముందుభాగాన, ఊడిపోకుండా బిగించాలి. కంటి దగ్గరి కటకానికి తగిలించే నల్ల గాజు ప్రమాదకరం. వేడికి అది పగిలిపోతుంది. గురిగొట్టాన్నీ మూసేయాలి. టెలిస్కోపు లేకుండా చూసేవారికి 14వ నంబరు వెల్డింగు గాజు పనికివస్తుంది. మసి పూసిన గాజు, ఎక్స్‌రే ఫిలిం, పళ్లెంలో పసుపు నీళ్లు నమ్మదగినవి కావు. పగటిపూట టెలిస్కోపును పిల్లలకు అందకుండా మూతపెట్టి ఉంచాలి.

ఏం చూడాలి? ఏం రాయాలి?

చంద్రుణ్ణి పౌర్ణమి నాడు కాదు, శుద్ధ అష్టమి నాడు చూడాలి. వెలుగు నీడల సరిహద్దున గుంటలు, కొండలు కళ్లకు కడతాయి. గురుగ్రహం పక్కన నాలుగు చందమామలు రాత్రి రాత్రికీ చోటు మారుతాయి. 1610 జనవరిలో గెలీలియో చూసినవి అవే. శని వలయాలు 2025 మార్చిలో మనకు అంచువైపుగా తిరిగి గీతలా సన్నబడ్డాయి. ఏటేటా అవి మళ్లీ విచ్చుకుంటాయి. మన పెద్దలు పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు తక్కువ రెట్లలో ముత్యాలు చల్లినట్టుంటాయి. గొల్లకావడి కింద వేలాడే మసకలో కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. పొలం కావలి కాసే రైతు ఈ చుక్కలతోనే జాము లెక్కపెట్టేవాడు. గడియారాలు వచ్చాక ఆ విద్య మరుగున పడింది.

దక్షిణాన మనకున్న భాగ్యం ఐరోపా వారికి లేదు. అగస్త్య నక్షత్రం మన ఆకాశంలో ఇరవై డిగ్రీలకు పైగా లేస్తుంది. వేసవి రాత్రుల్లో త్రిశంకువు కూడా కనిపిస్తుంది. అచ్చంపేట, అమ్రాబాదు దాటి నల్లమల అంచుకు పోతే పాలపుంత కంటికే దారిలా పరుచుకుని ఉంటుంది.

చూసినది రాసుకోకపోతే చూడనట్టే. తేదీ, గంట, ఏం చూశారు, గాలి ఎలా ఉంది, ఏ కటకం వాడారు అన్నవి ఒక నోటుపుస్తకంలో రాయాలి. యంత్రం ఎప్పుడు మొరాయించింది, ఎలా బాగుపడింది అన్నదీ రాయాలి. రేపు దాన్ని పట్టుకునేవాడికి అదే గురువు.

రాతకున్న విలువ చెప్పడానికి ఇద్దరు చాలు. వనపర్తికి వచ్చిన రఘునాథాచారి 1867లో వెలుగు మారే ఒక నక్షత్రాన్ని కనుగొన్నాడు. ఓపికతో రాసిపెట్టిన లెక్కలే అందుకు ఆధారం. బెంగాలులోని జెస్సోరులో రాధాగోవింద చంద్ర అనే ఖజానా గుమాస్తా పగలు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రులు అటువంటి నక్షత్రాలను చూసి ముప్పై ఏడు వేలకు పైగా లెక్కలు రాశాడు. ఆయన పట్టుదలకు మెచ్చి అమెరికాలోని పరిశీలకుల సంఘం ఆరంగుళాల టెలిస్కోపును అరువుగా పంపింది. ఆయన తర్వాత అది వైను బప్పు చేతికి వచ్చి, తమిళనాడులోని కావలూరు వేధశాలకు చేరింది. ఒక యంత్రం, మూడు చేతులు. వేధశాల బతకడమంటే ఇదే.

చీకటిని కాపాడుకోవాలి

నిజామియా వేధశాల చుట్టూ నగరం పెరిగి, దీపాల వెలుగులో చుక్కలు మునిగిపోయాయి. అందుకే ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960 దశకంలో జాపాల రంగాపూర్‌లో నలభై ఎనిమిది అంగుళాల పెద్ద టెలిస్కోపు పెట్టింది. నగరపు వెలుగు అక్కడికీ ప్రాకింది. 2016లో మన మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలయ్యాయి. దీపాలు పెరగడం మంచిదే. అయితే వీధి దీపానికి పైన రేకు టోపీ పెడితే వెలుగు నేలమీద పడుతుంది, ఆకాశంలోకి పోదు. కరెంటూ కలిసివస్తుంది. గ్రామ పంచాయతీలు ఈ సంగతి ఆలోచించాలి.

2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా కంకణ సూర్యగ్రహణం సాగుతుంది. మనకది పాక్షికంగా కనిపిస్తుంది. 1868లో మన వనపర్తికి ఎక్కడినుంచో వచ్చి చూశారు. 1980లో మన ఇంటి ముందుకే వస్తే తలుపు వేసుకున్నాం. ఈసారి ఊరి బడి ఆవరణలో తెల్లగుడ్డ పరిచి, వడపోత బిగించిన టెలిస్కోపు పెట్టి, పిల్లలనూ పెద్దలనూ వరుసలో నిలబెట్టి చూపించేవారు ప్రతి మండలంలో ఒక్కరైనా తయారు కావాలి. అందుకు ఇంకా వ్యవధి ఉంది. దిమ్మె పోయడానికి ఒక్క రోజు, దాన్ని పట్టుకునే పిల్లవాణ్ణి తయారు చేయడానికి కొన్నేళ్లు పడుతుంది. రెండో పని ముందు మొదలుపెట్టడం మంచిది.